బతికున్నందుకు శిస్తు

పొదలాడ సబ్‌సెంటర్లో మంగళవారం.
బరువు మిషను ముల్లు వణికి వణికి
యాభై ఒకటి దగ్గర ఆగింది.
చెప్పులు విప్పమందామని కిందికి చూశాను.
ఆ కాళ్ళకి చెప్పుల్లేవు.
వేళ్ళు విడివిడిగా, వంకరగా,
నున్నటి గచ్చుని కూడా పట్టుకునే నిలబడ్డాయి.

గుబ్బల తాతారావు. యాభై రెండేళ్ళు.
నూట అరవై సెంటీమీటర్లు.
పని: కొబ్బరి దింపు.

"మొన్న క్యాంపులో డాక్టరు గారు
రోజుకి రెండు వేలు కావాలన్నారండి.
రెండు వేలు ఏటండీ? రూపాయలైతే కాదు కదా."

కేలరీ అంటే వేడి, అన్నాను.
లీటరు నీళ్ళని ఒక్క డిగ్రీ వెచ్చబెట్టేంత వేడి.
మర్యాదగా తలూపాడు.
అర్థం కానప్పుడు మా వైపు అలాగే ఊపుతారు.

పెన్ను తీశాను.
బరువుని పదితో హెచ్చవేస్తే అయిదొందల పది.
ఎత్తుని ఆరుంపావుతో, వెయ్యి.
గడిచిన ఒక్కో ఏడాదికీ అయిదు చొప్పున కోత,
రెండొందల అరవై పోయింది.
మగవాడైనందుకు ఓ అయిదు కొసరు.
పన్నెండొందల యాభై అయిదు.

"ఇది ఏ పనీ చెయ్యకుండా పడుకుంటే."
"పడుకున్నా ఖర్చేనాండీ?"
"ఊపిరికి, గుండెకి, ఒంట్లో వెచ్చదనానికి."
"అంటే బతికున్నందుకు శిస్తన్నమాట,"
అని నవ్వాడు. పైన రెండు పళ్ళు లేవు.

వేసంగిలో లాకులు మూసేశాక
కాలవ అడుగున కాసిని నీళ్ళు మిగులుతాయి చూడండి,
చేపపిల్ల చావకుండా. అదీ ఈ లెక్క.
ఈసారి తలూపలేదు.
"ఆ," అన్నాడు.

ఇక పని లెక్క.
కుర్చీలో కూర్చునే నాలాంటి దానికి ఒకటీ పాయింటు రెండు.
అటూ ఇటూ తిరిగేవాళ్ళకి ఒకటిన్నర పైచిలుకు.
బండచాకిరీకి ఒకటీ పాయింటు తొమ్మిది.
ఎన్ని చెట్లెక్కుతారు రోజుకి?
"గాలి లేకపోతే నలభై. చినుకు పడితే సున్నా.
మొన్న తుపానుకి పదకొండు రోజులు సున్నాయేనండి."

ఎక్కిన రోజుకి రెండు వేల మూడొందల ఎనభై నాలుగు.
ఎక్కని రోజుకి పదిహేనొందల ఆరు.
రెండూ పెద్ద అంకెలతో రాసి ఇచ్చాను.

కాగితం దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.
"తిరగబడిందండీ లెక్క.
ఎక్కే రోజు నిండా తినకూడదు.
గ్లాసుడు తరవాణి, ఓ చక్కెరకేళి. అంతే.
పొట్ట బరువైతే మొవ్వు దగ్గర కళ్ళు తిరుగుతాయి.
ఎక్కని రోజు తినొచ్చు.
తినొచ్చు గానీ,"
అని ఆపేశాడు.

వెనక బెంచీ మీద ఎవరి బిడ్డకో ఎక్కిళ్ళు.
పైన ఫ్యాను టకటకమంటోంది.

మరి రాత్రి ఎంత తింటారు?
"మా పల్లాలమ్మనడగాలండి.
నేనొచ్చి మోకు మేకుకి తగిలించే చప్పుడు వింటాది.
మెల్లగా తగిలిస్తే మూడు గరిటెలు.
దబ్బున పడేస్తే నాలుగు.
ముప్ఫై ఏళ్ళయ్యింది. ఒక్కనాడూ తప్పలేదు."

ట్యాబులో ఎక్కించబోతే వృత్తి అడిగింది.
రైతు, కూలీ, ఉద్యోగి, గృహిణి, ఇతరులు.
చెట్టు మీద ఉన్నవాడు ఎందులోనూ పట్టలేదు.
ఇతరులు నొక్కాను.

అతను వెళ్ళాక ఊరికే లెక్కేశాను.
ఆ రెండు వేల మూడొందల ఎనభై నాలుగుతో
వైనతేయలో ముంచి తెచ్చిన ముప్ఫై నాలుగు లీటర్లు
కుతకుతా మరుగుతాయి.
పెళ్ళి వంటల గుండిగ అది.
యాభై ఒక్క కిలోల ఒంట్లో,
పొగ పైకి రాకుండా,
చెట్టు చెట్టుకీ మోసుకు తిరుగుతున్నాడు.

నా లెక్కా వేసుకున్నాను, ఎవరూ చూడకుండా.
అరవై ఎనిమిది కిలోలు, ఇరవై తొమ్మిదేళ్ళు,
కుర్చీ.
పదహారొందల ఇరవై ఆరు.
మధ్యాహ్నం క్యారేజీలో మూడో గిన్నె తెరవలేదు.

నాలుగింటికి తెరిచాను.